బొమ్మలో ఉంది, లెక్కలో లేదు

(కర్నూలు, కడప జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచీ కూలిరేట్ల గురించి, భూమి పట్టాల గురించి మాట్లాడుకుంటున్నాం. ఇంత పని మధ్యలో ఒక బొమ్మ పట్టుకొచ్చి దాని గురించి చెప్తానంటే, ఈమెకు వేరే పనేమీ లేదా అని మీకు అనిపించవచ్చు. బొమ్మల గురించి మాట్లాడటం తీరిక ఉన్నవాళ్ళ వ్యవహారమని మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉంది. కానీ మనం ప్రతి సంవత్సరం నివేదికల అట్టల మీద, పోస్టర్ల మీద, క్యాలెండర్ల మీద బొమ్మలు వేస్తూనే ఉన్నాం. వాటిలో ఎక్కువభాగం ఒకటే బొమ్మ. ఎండిపోయిన నేల, దూరంగా కొండ, నెత్తిన బిందో తట్టో పెట్టుకుని నడిచిపోతున్న ఒక ఆడమనిషి. ఆ బొమ్మకు వయసెంతో తెలుసుకుందామని మొదలుపెడితే నేను దాదాపు మూడువందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

మీ చేతుల్లో ఉన్న జిరాక్స్ కాపీ చూడండి. కొన్ని సరిగా రాలేదు, సర్దుకోండి. హాలెండు దేశంలో లైడెన్ అనే నగరం ఉంది. అక్కడ పీటర్ వాన్ డెర్ ఆ (1659-1733) అని ఒక ప్రచురణకర్త ఉండేవాడు. పటాలు, యాత్రాగ్రంథాలు, ప్రపంచ దేశాల దృశ్యాలు పోగుచేసి పెద్దపెద్ద సంపుటాలుగా వేయడం అతని వ్యాపారం. అతని సేకరణలోనిదే ఈ బొమ్మ. 1725 ప్రాంతానిదని చెప్తారు. గోల్కొండ సీమలోని వజ్రాల గని. కొండలు, తవ్విపోసిన నేల, పనిలో మునిగి ఉన్న మనుషులు. యూరపు కళాచరిత్రలో ‘బరోక్’ అని పిలిచే కాలం చివరి రోజులవి. ప్రకృతి దృశ్యం గీసి దానిలో చిన్నచిన్న మనుషుల్ని నింపడం ఆ కాలపు చిత్రకారులకు బాగా అలవాటైన పని.

ఇలాంటి బొమ్మ ఎలా తయారవుతుందో రెండు మాటల్లో చెప్తాను. రాగిరేకు మీద మైనం లాంటి పూత పూస్తారు. దాని మీద సూదితో గీస్తే గీసినంత మేర పూత లేచిపోయి రాగి బయటపడుతుంది. రేకును ఆమ్లంలో పెడితే, బయటపడిన చోట మాత్రమే ఆమ్లం రాగిని తింటుంది. ఆ గాట్లలో సిరా దట్టించి, పైపైన తుడిచి, తడికాగితం పరిచి యంత్రంలో అదుముతారు. అదే ఎచింగ్. ఉలితో రేకును నేరుగా చెక్కితే ఎన్‌గ్రేవింగ్. ఆ రోజుల్లో ఒకే రేకు మీద రెండు పద్ధతులూ కలిపి వాడేవాళ్ళు. మనకు ఎచింగ్ అనగానే గుర్తొచ్చే పేరు మెదక్ జిల్లా నిజాంపూర్‌కు చెందిన లక్ష్మా గౌడ్. ఆయన బొమ్మల్లో పల్లె ఆడామగా ముందుకొచ్చి నిలబడితే చెట్టూ మేకా వాళ్ళ చుట్టూ సర్దుకుంటాయి. ఆ స్త్రీలను ఆయన గీసిన తీరు మీద నాకు వేరే పేచీలున్నాయి, అవి మరోసారి.

ఇక్కడ మనకు ముఖ్యమైంది ఒక్కటే. రాగిరేకు ఒకసారి తయారైతే దాని నుంచి వందల ప్రతులు తీయొచ్చు, అమ్మొచ్చు, వేరే పుస్తకంలో మళ్ళీ వాడొచ్చు. అంటే మన ప్రాంతం నేలా మనుషులూ ఎలా ఉంటారో యూరపులోని చదువుకున్న ఇళ్ళకు నేర్పినవి ఇలాంటి రేకులే.

ఈ చిన్న మనుషులు బొమ్మలో ఎందుకుంటారు? కొండ ఎంత ఎత్తో, గుంత ఎంత లోతో చూసేవాడికి అర్థం కావాలంటే పక్కన మనిషి ఉండాలి. మనిషి అక్కడ ఒక కొలబద్ద. దృశ్యం ఖాళీగా కనపడకుండా ఉండటానికి కూడా మనిషిని పెడతారు. అందుకే వాళ్ళకు ముఖాలుండవు, పేర్లుండవు. అందరు చిత్రకారులూ అంతేనని నేననను. రెంబ్రాంట్ 1643లో చేసిన ‘మూడు చెట్లు’ అనే ఎచింగ్ ఉంది. కుడివైపు దిబ్బ మీద మూడు చెట్లు, పైన వాన మబ్బు, దూరంగా నగరం. మొదట చూస్తే మనుషులే కనపడరు. కళ్ళు చిట్లించి చూస్తే ఎడమవైపు నీటి ఒడ్డున చేపలు పట్టే మనిషి, అతని పక్కన కూర్చున్న స్త్రీ, దిబ్బ మీద బండి, బొమ్మ గీసుకుంటున్న ఒకడు, పొదల చీకట్లో ఎవరికీ కనపడకుండా ఒక జంట కనిపిస్తారు. రెంబ్రాంట్ మనుషుల్ని దాచిపెట్టాడు, కానీ ఒక్కొక్కరికీ ఒక పని, ఒక బతుకు ఇచ్చి దాచిపెట్టాడు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది భూస్వామి బొమ్మ. 1750 ప్రాంతంలో గేన్స్‌బరో అనే ఇంగ్లీషు చిత్రకారుడు ఆండ్రూస్ దంపతుల్ని వాళ్ళ పొలంలో నిలబెట్టి గీశాడు. పంట కోసి కుప్పలు కట్టి ఉంటుంది గానీ, కోసినవాళ్ళు ఒక్కరూ ఉండరు. జాన్ బెర్జర్ 1972లో ‘వేస్ ఆఫ్ సీయింగ్’ పుస్తకంలో ఈ బొమ్మనే తీసుకుని, ఆ దంపతుల ముఖాల్లో భూమి మాదన్న భావం ఎలా కనపడుతుందో వివరించాడు. నేల ఎవరిదో వాళ్ళకు పేరుంటుంది, ముఖం ఉంటుంది. నేలమీద పని ఎవరిదో వాళ్ళు ఉంటే చుక్కల్లా ఉంటారు, లేదా అసలే ఉండరు.

ఇప్పుడు మన గని దగ్గరికి వద్దాం. గోల్కొండ వజ్రాలు అంటారు గానీ గోల్కొండ కోట దగ్గర వజ్రాలు దొరకలేదు. అది రాజధాని, అమ్మకపు కేంద్రం. రాళ్ళు దొరికినవి కృష్ణ ఒడ్డున కొల్లూరులో, ఇటు మన కర్నూలు, కడప నేలల్లో. రామళ్ళకోట, బనగానపల్లె, మునిమడుగు, పెన్న ఒడ్డున చెన్నూరు ప్రాంతం, ఇవన్నీ పాత వజ్రాల చోట్లు. కడప గనుల గురించి బెంజమిన్ హైన్ 1814లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. 1872లో విలియం కింగ్ భూగర్భ సర్వే తరఫున కడప, కర్నూలు శిలల గురించి రాసినప్పుడు బనగానపల్లె పనుల ప్రస్తావన చేశాడు. అక్కడి గట్టి రాతి పొర కింద గులకరాళ్ళు అతుక్కుని ఉండే పలచని పొర ఒకటి ఉంటుంది. దానికోసం గుంత దింపి, పొరను పగలగొట్టి పైకి తెచ్చి, కడిగి, ఆరబోసి వెతికేవాళ్ళు. ఇంగ్లీషులో ‘గోల్కొండ’ అనే మాటకు తరగని సిరి అని అర్థం స్థిరపడిపోయింది. ఆ రాళ్ళిచ్చిన నేలకు మాత్రం ‘కరువు సీమ’ అనే పేరు మిగిలింది.

ఈ గనుల గురించి యూరపువాళ్ళు ఎక్కువగా చదివింది జాన్ బాప్టిస్ట్ టావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి రాసిన యాత్రాగ్రంథం. 1676లో పారిస్‌లో అచ్చయింది. ఇతను 1652లో మన కడప జిల్లా గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఆ కోటను పెమ్మసాని నాయకుల నుంచి మీర్ జుమ్లా అంతకు కొద్దికాలం ముందే పట్టుకున్నాడు. వజ్రాల గనుల మీద పెత్తనం కూడా అతనిదే. టావెర్నియే వ్యాపారి కాబట్టి రాజుల కథలకంటే లెక్కలు శ్రద్ధగా రాశాడు. మనలాంటివాళ్ళకు అది మేలే చేసింది.

కొల్లూరు గనిలో తాను మొదటిసారి చూసినప్పుడు దాదాపు అరవైవేలమంది పనిచేస్తున్నారని అతను రాశాడు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. మగవాళ్ళు తవ్వుతారు, ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తారు. ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఆ పుస్తకాన్ని గౌరవిస్తాను. పని పద్ధతి కూడా వివరంగా చెప్పాడు. పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల లోతు తవ్వుతారు. నీళ్ళు పడితే ఆపుతారు. పక్కనే పొట్టిగోడలు కట్టి చదును చేసిన చోటికి మట్టిని చేరుస్తారు. ఆ గుంతలో ఊరిన నీళ్ళనే ఆడా మగా పిల్లలూ కుండలతో తోడి మట్టిమీద పోస్తారు. మట్టి మెత్తబడి, నీళ్ళు పోయి, ఎండిన తర్వాత ధాన్యం చెరిగినట్టు చెరుగుతారు. గడ్డల్ని పెద్ద రోకళ్ళ లాంటి వాటితో దంచి మళ్ళీ చెరుగుతారు. ఆ తర్వాత చేత్తో వెతుకుతారు.

చెరగడం, దంచడం, ఏరడం. మన వంటింటి పనులు మూడూ గనిలో ఉన్నాయి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే ఇక్కడ రాళ్ళలో రాయిని ఏరతారు. ఆ చాట, ఆ రోకలి ఎవరి చేతుల్లో ఉన్నాయో టావెర్నియే చెప్పలేదు. చెప్పనంతమాత్రాన ఆడవాళ్ళవేనని నేను తీర్మానించను. కానీ అడగాల్సిన ప్రశ్న అది.

కూలి సంగతి చూడండి. మరో గని గురించి రాస్తూ, పని బాగా తెలిసినవాడికి కూడా సంవత్సరానికి మూడు వరహాలకు మించి రాదని అంటాడు. ఆడదానికి ఎంతో, పిల్లవాడికి ఎంతో లేదు. కుటుంబం మొత్తానికి కలిపి ఇచ్చారా, మోసినవాళ్ళకు గంజి మాత్రమే పోశారా, మనకు తెలిసే దారి లేదు. వ్యాపారి గనిలో పని పెట్టించినందుకు రాజుకు కట్టే రుసుము మాత్రం స్పష్టంగా ఉంది. యాభైమందిని పెడితే రోజుకు రెండు వరహాలు, వందమందిని పెడితే నాలుగు. కొన్న సరుకు మీద నూటికి రెండు. మనుషుల తలల్ని లెక్కపెట్టడం వాళ్ళకు చేతకాక కాదు. రాజుకు రాబడి ఉన్నచోట తల లెక్కలోకి వచ్చింది, కూలి ఇచ్చేచోట లెక్క మసకబారింది. పైగా యాభైమంది పనివాళ్ళ మీద పన్నెండు పదిహేనుమంది కాపలాదార్లు. ఒకడు కంటి మూలలో రాయి దాచాడని కథ కూడా చెప్తాడు. కూలివాళ్ళ ఒంటిని వెతకడానికి జనం ఉన్నారు గానీ వాళ్ళ పేరు రాసుకోవడానికి ఒక్కడు లేడు.

ఇంకొక సంగతి ఉంది. పనివాడికి పెద్దరాయి దొరికితే తీసుకెళ్ళి గని యజమానికి ఇస్తాడు. యజమాని బహుమానంగా తలపాగా గుడ్డ ఇస్తాడు. దానితోపాటు అర వరహానో వరహానో డబ్బు, కొంచెం బియ్యం, ఒక పళ్ళెం చక్కెర. తలపాగా! నేను ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తలపాగా మగవాడి గౌరవం. ఆ గనిలో మట్టితట్ట మోసిన తల మాత్రం ఆడదానిది. ఆ తలమీద చుట్టకుదురు ఉంది. దానికి ఇవ్వదగిన బహుమానం ఏదీ ఆ పద్ధతిలో లేదు. ఆమె తట్టలో రాయి మెరిసి ఆమె చేతికే దొరికి ఉంటే ఏం చేసేవాళ్ళో? భర్తకు తలపాగా చుట్టి ఉంటారని నా ఊహ. ఊహ మాత్రమే.

స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ నోటితోనే చెప్పించారు. వాళ్ళు బతికి ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది. కొల్లూరు గనిలో మట్టి మోసిన ఆవిడను మనం అడగలేం. ఆ గని కూడా ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది. కానీ ఆమె మనవరాళ్ళ మనవరాళ్ళు అనదగినవాళ్ళు మీ పక్కనే ఉన్నారు.

తొలకరి వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి పొలాల్లో ఏం జరుగుతుందో పత్తికొండ వైపు నుంచి వచ్చినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. మిగిలినవాళ్ళ కోసం చెప్తున్నాను. వాన పైమట్టిని కడిగేస్తే రాళ్ళు తేలతాయి. మే చివర, జూన్‌లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ, అనంతపురం నుంచీ, బళ్ళారి వైపు నుంచీ కుటుంబాలు సద్దిమూటలతో వస్తాయి. కొందరు గుళ్ళలో, బళ్ళలో, చెట్ల కింద పడుకుంటారు. పొలం గలవాళ్ళు విత్తనం వేసేదాకా చూసీచూడనట్టుంటారు, కొందరు తరుముతారు. ఎండ వాలే కోణాన్ని బట్టి వంగి చూస్తూ, తడిమట్టిని వేళ్ళతో కెలుకుతూ అడుగడుగునా జరుగుతుంటారు. వజ్రం అనరు వాళ్ళు. ‘రాయి’ అంటారు.

ఒక జూన్‌లో తుగ్గలి మండలంలో ఒక చేలో మూడురోజులు వాళ్ళతో తిరిగాను. నడివయసు ఆమె ఒకరు కోడలితో వచ్చారు. కోడలి చంకలో బిడ్డ. రోజంతా వంగి ఉంటే నడుము ఏమవుతుందమ్మా అని అడిగాను. ‘‘కలుపు తీసేప్పుడు వంగమా మేడం? ఆడ కూలిస్తారు, ఈడ ఇయ్యరు. అంతే తేడా,’’ అన్నారు. రాయి దొరికితే అమ్మేది ఎవరని అడిగాను. ‘‘మా ఆయన పోతాడు. యాపారి కాడికి ఆడోళ్ళు పోతారా యాడన్నా?’’ అని నావైపు వింతగా చూశారు. ధర ఎంతని ఎవరు చెప్తారంటే, ‘‘వాళ్ళు చెప్పిందే,’’ అన్నారు. కోడలు అప్పటిదాకా మాట్లాడలేదు. ‘‘దొరికినప్పుడు కదా,’’ అని మళ్ళీ వంగింది.

టమాటా చేలో, వేరుశనగ చేలో కలుపు తీస్తున్న కూలి మహిళకు రాయి దొరికిందనే వార్త అప్పుడప్పుడూ పేపర్లో వస్తుంది. శీర్షిక దాదాపు ఒకటే, అదృష్టం వరించింది అని. అదృష్టమనే మాటను మనం కొంచెం గట్టిగా పట్టుకోవాలి. ముప్పై ఏళ్ళు అదే నేలమీద వంగి పనిచేసిన కన్ను గడ్డికీ మొక్కకీ తేడా పట్టినట్టే రాయికీ రాయికీ తేడా పడుతుంది. దాన్ని నైపుణ్యం అనాలి. అదృష్టం అనేసరికి ఆమె ఏమీ చేయనట్టు అయిపోతుంది. ఇక రాయి తూకమెంత, రకమేమిటి, ఎవరు కొన్నారు, పెద్ద బజారులో ఎంతకు పోయింది అనేవి ఆమెకు తెలియవు. పొలం తనదని రైతు, గుట్టుగా కొన్నానని వ్యాపారి, ఖనిజం సంగతి మాది అని ప్రభుత్వం. ఏరిన చెయ్యి గురించి మాట్లాడే పక్షం లేదు. వార్తతోపాటు వేసే ఫోటో చూడండి. ఎర్రనేల, దూరంగా కొండ, వంగి ఉన్న ఆడవాళ్ళు. కింద ‘వజ్రాల కోసం వెతుకుతున్న జనం’ అని ఉంటుంది. నా చేతిలోని రాగిరేకు బొమ్మకు దానికి ఎంత తేడా ఉందో మీరే చెప్పండి.

మధ్యలో ఒక మెట్టు వదిలేశాను, కరువు పనుల మెట్టు. 1876-78 కరువులో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు ఎలా చచ్చిపోయాయో మన ముసలివాళ్ళ మాటల్లో ఇంకా ఉంది. అప్పుడు మద్రాసు రాజధానిలో హూపర్ అనే సైనికాధికారి కరువు బాధితుల ఫోటోలు తీశాడు. ఎముకల గూళ్ళలాంటి మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి తీసినవి. వాటిలో ప్రకృతి దృశ్యం దాదాపు లేదు, మనుషులే ఉన్నారు. అయినా పేర్లు లేవు. ముందుకొచ్చినంత మాత్రాన మనిషి మనిషి అయిపోడని ఆ ఫోటోలు చూసినప్పుడు నాకు తెలిసింది.

అదే సమయంలో, 1877 జనవరిలో, రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడదానికి, పనిచేసే పిల్లలకు అంతకన్నా తక్కువ. పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనిషిని బతికించే తిండి కాదని గట్టిగా వాదించాడు. చివరికి ఆ రేటు పోయింది గానీ, రేటులో ఆడా మగా తేడా పోలేదు. టావెర్నియే కాలంలో కూలి లెక్కలో లేని స్త్రీ ఇక్కడ లెక్కలోకి వచ్చింది, తక్కువ మనిషిగా వచ్చింది.

1976లో సమాన వేతన చట్టం వచ్చింది, తర్వాత అది 2019 నాటి వేతనాల స్మృతిలో కలిసిపోయింది. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన పక్కన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే దాన్ని మొదలుపెట్టారు. ఆడామగా తేడా లేకుండా ఒకటే కూలి అని ఆ చట్టం రాసింది. అది మన ఉద్యమాలకు పెద్ద విజయమే, తక్కువచేసి మాట్లాడను. మొదటిసారి తన పేరుమీద జాబ్‌కార్డులో పనిదినాలు చూసుకున్న ఆడవాళ్ళు మీ ఊళ్ళలోనే ఉన్నారు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో వేరే చట్టం తెచ్చింది. చట్టం ఏదైనా మట్టిపని ఉన్నంతకాలం కొలతల పుస్తకం ఉంటుంది. మీరు ఎం.బుక్కు అంటారు. దాన్ని మనం చదవడం నేర్చుకోవాలి.

మట్టిపని రేట్లలో రెండు మాటలుంటాయి, లీడు, లిఫ్టు. తవ్విన మట్టిని ఎంత దూరం మోశారో అది లీడు. ఎంత ఎత్తుకు ఎత్తారో అది లిఫ్టు. ఈ రెంటిలోనూ మొదటి కొంత మేర తవ్వకం రేటులోనే కలిసి ఉంటుంది. ఆ హద్దు దాటితేనే అదనం. అంటే కొలిచేది గుంతను. గుంత పొడవు, వెడల్పు, లోతు. తవ్విన పని నేలమీద గుంతగా మిగులుతుంది కాబట్టి టేపు పెట్టి కొలవొచ్చు. మోసిన పని నేలమీద మిగలదు. నడిచిన దారి సాయంత్రానికి చెరిగిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్ను తూగుతుంది. తట్టకు పదిహేను కిలోల చొప్పున మోస్తే వంద తట్టలు. గట్టు ముప్పై మీటర్ల దూరంలో ఉంటే, వందసార్లు పోయి రావడం ఆరు కిలోమీటర్లు. అందులో మూడు కిలోమీటర్లు నెత్తిన బరువుతో, అదీ గట్టు ఎక్కుతూ. వందసార్లు తట్ట ఎత్తడం, వందసార్లు దించి పోయడం. ఇది ఒక్క ఘనపు మీటరుకు. దీన్ని ‘తోడు పని’, ‘చిన్న పని’ అంటాం మనమే! పార పట్టుకున్నవాడు మట్టి తట్టలోకి వేసేదాకా కాసేపు నడుం ఎత్తుతాడు, తట్ట తిరిగి వచ్చేదాకా నిలబడతాడు. తవ్వకం సులభమని నేననడం లేదు. గునపం గట్టినేలలో దిగదు, నాకు తెలుసు. కానీ తవ్వకానికి ఒక పేరూ ఒక కొలతా ఉన్నాయి. మోతకు అవి లేవు. భర్త ఊళ్ళో లేని ఆడమనిషికీ, విధవకూ జత కుదరక పని దొరకని ఊళ్ళు నేను చూశాను. మోసేవాళ్ళు ఎంతమంది ఉన్నా తవ్వేవాడు లేకపోతే కొలత పడదు కదా.

ఈ మాట ఒకసారి ఒక ఇంజనీరుతో అంటే, తట్టలు ఎలా లెక్కపెడతామమ్మా అన్నాడాయన. మూడువందల యాభై ఏళ్ళ కింద రోజుకు ఇంతమందికి ఇన్ని వరహాలని తలలు లెక్కపెట్టినవాళ్ళు తట్టలు లెక్కపెట్టలేరా?

భూమి సంగతి కూడా ఇంతే. రైతు అనగానే మన మనసులో వచ్చే బొమ్మ, బీటలు వారిన చేలో నుదుటిమీద చెయ్యి పెట్టుకుని మబ్బు చూస్తున్న మగవాడు. అదే చేలో విత్తనం వేసి, కలుపు తీసి, కాయ కొట్టిన ఆమె బొమ్మకు ‘రైతు భార్య’ అని పేరు. ఆత్మహత్యల మీద 2004లో జీవో 421 వచ్చినప్పుడు మనలో చాలామందిమి ఆ కాగితాలు పట్టుకుని తిరిగాం. పాసుపుస్తకం ఎవరి పేరున, అప్పు ఎవరి పేరున అనే ప్రశ్నల దగ్గర ఆడవాళ్ళ సాగు ఎలా మాయమైపోతుందో మీకు నాకంటే బాగా తెలుసు. చచ్చిపోయింది ఆమే అయితే, ఆమెను రైతు అనిపించడమే ఒక పోరాటం.

ఇప్పుడు మన బొమ్మల సంగతి. 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేచినప్పుడు పేపర్లలో వచ్చిన బొమ్మలు గుర్తు చేసుకోండి. చీపుర్లు పట్టుకుని దుకాణం ముందు నిలబడ్డ ఆడవాళ్ళు. ముఖాలు కెమెరా వైపు ఉన్నాయి, కళ్ళలో కోపం ఉంది. వాళ్ళు ఎవరి దృశ్యంలోనూ చుక్కలు కారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అవే సంఘాలు పొదుపు సంఘాలయ్యాక మన బొమ్మలు మారిపోయాయి. మళ్ళీ బిందె, మళ్ళీ తట్ట, కాకపోతే ఈసారి చిరునవ్వు. నిధులిచ్చేవాళ్ళకు చిరునవ్వు కావాలి.

పి. సాయినాథ్ 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో తీసిన ఫోటోలతో ఆడవాళ్ళ పని మీద ఒక ప్రదర్శన చేశారు. పని కనపడుతుంది, చేసే స్త్రీలు కనపడరు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు దానికి. ఆయన ఫోటోల కింద రాసిన మాటలు నాకు ఫోటోల కన్నా ఎక్కువ నచ్చాయి. ఎక్కడ, ఏం పని, ఎంత బరువు, ఎంతసేపు. మనం చేయగలిగిన పని అది. దానికి చిత్రకళ రానక్కర్లేదు.

కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ ఉన్నారు. మీ ఊళ్ళలో మిరపకోతల కాలంలో ఇళ్ళకు తాళాలుంటాయి, జనం గుంటూరు వైపు వెళ్ళిపోతారు. అప్పుడు తీస్తే మనుషుల్లేని దృశ్యం వస్తుంది. ముసలివాళ్ళు, బడి మానేసిన ఆడపిల్ల, ఆమె ఎత్తుకున్న తమ్ముడు. ఆ ఫోటో మీలో ఎవరి దగ్గరైనా ఉంటే నాకు కావాలి.

భోజనాల తర్వాత బృందాలుగా కూర్చుంటాం. మీ సంస్థల నివేదికల్లో వాడిన ఫోటోలు తెమ్మని ముందే చెప్పాను, తెచ్చే ఉంటారు. ఒక్కొక్క ఫోటో వెనక పెన్నుతో రాయండి. ఈమె పేరేమిటి, ఆమె అనుమతి అడిగామా, నెత్తిన ఏముంది, బరువెంత, రోజుకెన్నిసార్లు, కూలెంత, ఎవరి చేతికి ఇచ్చారు, ఆ నేల ఎవరి పేరున ఉంది. తెలియనిచోట ఖాళీ వదిలేయండి, ఊహించి నింపొద్దు. ఆ ఖాళీలు పట్టుకుని వచ్చే నెల ఊళ్ళకు వెళ్తాం. తుగ్గలి బృందం మాత్రం తొందరపడాలి. వాన పడితే ఆ పొలాల్లో మనకు దొరికేది మూడు నాలుగు వారాలే, విత్తనం వేశాక ఎవర్నీ రానివ్వరు.